పెడల్ మెత్తబడితే కారు కదపొద్దు

బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలికి గట్టిగా తగిలి నిలబడాలి. నిలబడకుండా మెత్తగా లోపలికి పోతుంటే ఆ కారును ఉన్నచోటే ఉంచేయండి. షెడ్డు దగ్గరే కదా, నెమ్మదిగా పోదాం అనుకుని మీరే నడుపుకుంటూ వెళ్ళొద్దు. బండిని టోయింగ్ లారీ ఎక్కించి పంపండి, లేదా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. షాద్‌నగర్, కొత్తూరు, శంషాబాద్ ప్రాంతాల్లో పాత స్పోర్ట్స్ కార్లు ముచ్చటపడి కొనుక్కుని, సెలవు రోజున తెల్లవారుజామునే హైవే ఎక్కుతున్న వాళ్ళందరికీ ఈ హెచ్చరిక. నెలల తరబడి కవరు కప్పి ఉంచిన కారును బయటికి తీయబోతున్న వాళ్ళు దీన్ని ఇంకా శ్రద్ధగా చదవాలి.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. పెడల్ మెత్తబడిన కారు వెంటనే మొరాయించదు. రెండు మూడుసార్లు కొడితే పెడల్ పైకి లేస్తుంది, కారు ఆగుతుంది, యజమానికి ధైర్యం వస్తుంది. "రెండుసార్లు కొడితే పట్టుకుంటుంది అన్నా, ఏం గాదు" అంటారు. పాత కార్ల గురించి మన దగ్గర వినిపించే మాటల్లో ఇంతకన్నా ప్రమాదకరమైనది నాకు తెలియదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. మొదటి తొక్కు వృథాగా పోయి, కాలెత్తి రెండో తొక్కు వేసేసరికి ఒక్క సెకనే గడిచిందనుకుందాం. ముందు ఆగి ఉన్న లారీ వెనక భాగం ఆ ఒక్క సెకనులో 28 మీటర్లు దగ్గరకొచ్చేసింది. 120 మీద పోతుంటే 33 మీటర్లు. అన్నీ బాగున్న కారే పొడి రోడ్డు మీద 100 నుంచి పూర్తిగా ఆగడానికి 50 మీటర్ల దాకా తీసుకుంటుంది. డ్రైవరు తేరుకునే సమయం దానికి అదనం. ఆపైన ఈ వృథా తొక్కు ఇంకో అదనం. ఔటర్ రింగు రోడ్డు మీద ఆగి ఉన్న లారీ కనిపించినప్పుడు ఆ మీటర్లు మనకు ఎవరూ తిరిగి ఇవ్వరు.

మన దారి ఎలాంటిదో మనకు తెలుసు. ఒకప్పటి ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44, షాద్‌నగర్ దగ్గర నుంచి కొత్తూరు, పాల్మాకుల మీదుగా శంషాబాద్ చేరుతుంది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే కంటైనర్లు, పొలాల దగ్గర ఎక్కే ట్రాక్టర్లు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, యూటర్న్ దగ్గర ఉన్నట్టుండి అడ్డం తిరిగే ఆటోలు, రాయికల్ టోల్‌గేటు ముందు వరుస కట్టే బండ్లు, అన్నీ ఇదే దారిలో. శంషాబాద్ దాటగానే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు చేతికందుతుంది. దాని మీద వేగ పరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలైన నాటి నుంచి ఈ వైపు రోడ్లు వెడల్పయ్యాయి, నున్నబడ్డాయి. ఇరవై ఏళ్ళ నాటి కారుకు కూడా ఈ రోడ్డు మీద వేగం అందుకోవడం కష్టం కాదు. ఆ వేగాన్ని దించుకోవడం దగ్గరే దాని వయసు బయటపడుతుంది.

పాత స్పోర్ట్స్ కారు అనగానే కోట్ల రూపాయల బండి అనుకోనక్కర్లేదు. గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్, 2004లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, ఫియట్ పాలియో 1.6, 2000 తర్వాతి హోండా సిటీ వీటెక్, చేతులు మారి మారి మన ధరకు దిగిన బీఎండబ్ల్యూ జెడ్4 లాంటివి ఈ కోవలోకే వస్తాయి. షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న రోజుల నాటి ఏపీ 22 నంబరు ప్లేటుతో ఇంకా మెరుస్తున్న బండ్లను చూస్తే నాకూ ముచ్చటగానే ఉంటుంది. బాధంతా ఒక్క దగ్గరే. వీటిని కొన్నవాళ్ళు డబ్బు ముందుగా ఇంజనుకు పెడతారు. తర్వాత సైలెన్సరుకు, అల్లాయ్ చక్రాలకు, రంగుకు. బ్రేకు రబ్బరు పైపులు మాత్రం కంపెనీ నుంచి వచ్చినప్పటివే ఉంటాయి. ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తుండదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు వేలమంది వెళ్ళి చూశాం. రేసు కారుకు బ్రేకులు చూడకుండా ఏ జట్టూ దాన్ని ట్రాకు మీదికి పంపదు. ఆ అలవాటును కూడా మనవాళ్ళు వేగంతో పాటు ఇంటికి తెచ్చుకోవాల్సింది.

పెడల్ ఎందుకు గట్టిగా ఉంటుందో తెలిస్తే ఎందుకు మెత్తబడుతుందో తెలుస్తుంది. ద్రవాన్ని నొక్కితే అది కుదించుకుపోదు, ఒత్తిడిని అన్ని వైపులకూ సమానంగా పంపుతుంది. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన ఈ సూత్రం మీదే మన బ్రేకులు నడుస్తున్నాయి. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకుతో వచ్చింది. అప్పటి నుంచి మూలసూత్రం మారలేదు. కాలు పెడల్‌ను నొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదిలి, ఆయిల్‌ను సన్నని పైపుల గుండా చక్రాల దగ్గరికి నెడుతుంది. పెడల్ మొత్తం లోపలికి పోయినా మాస్టర్ సిలిండర్ నెట్టగలిగే ఆయిల్ మామూలు కార్లలో పది, ఇరవై మిల్లీలీటర్లకు మించదు. ఆ కాస్త ఆయిల్‌తోనే టన్ను బరువున్న బండి ఆగాలి. పైపుల్లోకి రెండు మూడు మిల్లీలీటర్ల గాలి చేరినా మీ కాలి బలం గాలిని నలపడానికే ఖర్చవుతుంది, చక్రం దాకా పోదు.

గాలి ఒక్కటే శత్రువు కాదు. బ్రేకు ఆయిల్ నీటిని పీల్చుకుంటుంది. సీసా మూత తీసి ఉంచితే పీలుస్తుంది, కారులో ఉన్నా రబ్బరు పైపుల గుండా, ట్యాంకు మూత గుండా ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పీలుస్తూనే ఉంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. దానిలో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. క్యాలిపర్ దగ్గర అంత వేడి పుట్టడం అసాధారణమేమీ కాదు. తుక్కుగూడ మీదుగా శ్రీశైలం బయల్దేరి, దోమలపెంట దాటాక కృష్ణా నది వైపు దిగే ఘాటులో మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుకుంటూ పోతే చాలు, పాత ఆయిల్ క్యాలిపర్‌లోనే మరిగి ఆవిరి బుడగలవుతుంది. పైన దోమలపెంటలో గట్టిగా ఉన్న పెడల్ కింద నది దగ్గరికి వచ్చేసరికి నేలకు తగులుతుంది. అక్కడ ఆగి టీ తాగేలోపు చల్లారి మళ్ళీ గట్టిపడుతుంది. "అప్పుడేదో అయింది, ఇప్పుడు బాగానే ఉంది" అనుకుని మళ్ళీ బయల్దేరతారు. ఆయిల్ మారే దాకా ఆ కారుకు ఘాటు నిషేధం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం కారు నడపకపోవడం వల్ల జరుగుతుంది. చాలామంది దీన్ని నమ్మరు. తక్కువ తిప్పాం కాబట్టి కొత్తగానే ఉందంటారు. నిలిచిపోయిన కారులో ఆయిల్‌లోని తేమ మాస్టర్ సిలిండర్ లోపలి గోడకు తుప్పు పట్టిస్తుంది. పిస్టన్ రోజూ తిరిగే భాగం నున్నగానే ఉంటుంది, ఎప్పుడూ తిరగని చివరి భాగం గరుకుదేలుతుంది. చక్రాల దగ్గర వీల్ సిలిండర్లలోనూ ఇదే కథ. పదిహేనేళ్ళలో ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిన కారు దొరికిందని సంతోషించే ముందు దాని బ్రేకుల్లోని రబ్బరు వాషర్లన్నీ పదిహేనేళ్ళవేనని గుర్తుంచుకోవాలి. రబ్బరు కిలోమీటర్లు లెక్కపెట్టుకోదు.

ఇక లోపం ఎక్కడుందో పట్టుకోవడం. పెడల్ ఎలా పోతోంది అన్నదే మొదటి సాక్ష్యం. మెకానిక్ దగ్గరికెళ్ళి "బ్రేకు సరిగా లేదు" అని ఊరుకోకండి. ఎలా సరిగా లేదో చెప్పండి. కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి వదలండి. కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోతుంది. తర్వాత ఒక్కసారి గట్టిగా తొక్కి, అలాగే అరనిమిషం పైగా పట్టుకోండి. కాలి కింద పెడల్ కదలకుండా ఉండాలి. మెల్లగా, అంగుళం అంగుళంగా కిందికి దిగుతుంటే ఆయిల్ ఎక్కడో తప్పించుకుంటోందని అర్థం. బయట ఎక్కడా తడి కనిపించకపోతే అనుమానం సూటిగా మాస్టర్ సిలిండర్ మీదికే పోవాలి. లోపలి రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ పిస్టన్‌ను దాటి వెనక్కి పోతోంది. ట్యాంకులో ఆయిల్ ఒక్క చుక్క కూడా తగ్గదు, నేల మీద మరక ఉండదు, పెడల్ మాత్రం దిగిపోతుంది. చాలాసార్లు గట్టిగా తొక్కినప్పుడు బాగానే ఉండి, సిగ్నల్ దగ్గర మెల్లగా పట్టుకున్నప్పుడే దిగుతుంది. ఆరాంఘర్ చౌరస్తాలో రెడ్ సిగ్నల్ పడ్డప్పుడు కారు దానంతటదే అరడుగు ముందుకు జారిందంటే దాన్ని గేరు తప్పిదం అనుకోవద్దు.

పెడల్ దిగిపోకుండా, స్పాంజిని నొక్కినట్టు ఊగుతూ ఉంటే అది వేరే జబ్బు. గాలి చేరి ఉండొచ్చు, లేదా పాత రబ్బరు హోస్ పైపులు ఒత్తిడికి ఉబ్బుతుండొచ్చు. ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు చక్రం దగ్గర హోస్ మీద చెయ్యి వేసి చూస్తే ఉబ్బడం కొన్నిసార్లు తెలుస్తుంది. పగుళ్ళు కనిపిస్తే ఇక పరీక్షలే అవసరం లేదు, నాలుగూ మార్చేయాలి. మొదటి తొక్కు లోతుగా పోయి రెండో తొక్కుకు గట్టిపడుతూ, ఎక్కడా ఊగకుండా ఉంటే మూడో రకం. వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి దూరమై ఉంటాయి, ఎడ్జస్ట్‌మెంట్ తప్పి ఉంటుంది. లేదా ముందు చక్రం బేరింగు లూజై, తిరిగేటప్పుడు ఊగే డిస్క్ ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంటుంది. ఈ బేరింగు సంగతి స్పోర్ట్స్ కార్లలో ఎక్కువగా చూడాలి. వేగంగా మలుపు తిరిగిన వెంటనే తొక్కితే పెడల్ లోతుకు పోయి, తిన్నటి రోడ్డులో బాగుందంటే ముందుగా చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడమనండి. వెనక కూడా డిస్కులుండి, హ్యాండ్‌బ్రేకు ఆ క్యాలిపర్‌తోనే పనిచేసే కార్లలో హ్యాండ్‌బ్రేకు సర్దుబాటు చెడితే పెడల్ దిగుతుంది. దీన్ని కనిపెట్టలేక మాస్టర్ సిలిండర్ మార్చి, అయినా నయం కాక తలపట్టుకున్న వాళ్ళున్నారు.

పెడల్ బండలా గట్టిగా ఉండి కారు ఆగకపోవడం దీనికి పూర్తిగా ఎదురు. అది బూస్టర్ లేదా దాని వాక్యూమ్ పైపు లోపం. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, తొక్కి పట్టుకునే స్టార్టు చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు బలం అందడం లేదు. అదీ వయసుతో వచ్చేదే. 2004 నుంచి 2015 మధ్య తయారైన ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ కార్లలో బూస్టర్ తుప్పు పట్టే ప్రమాదం ఉందని 2022 జూన్‌లో మెర్సిడెస్ బెంజ్ ప్రపంచమంతటా దాదాపు 10 లక్షల కార్లను వెనక్కి పిలిచింది, పరీక్ష అయ్యే దాకా వాటిని నడపొద్దని యజమానులకు చెప్పింది. అంత పెద్ద కంపెనీయే నడపొద్దని చెప్పినప్పుడు మనం "ఏం గాదు" అనుకోవడానికి ఆధారమేముంది?

మెకానిక్ సోదరులకు ఒక విన్నపం. పెడల్ మెత్తగా ఉందనగానే "ఎయిర్ పట్టింది సార్, ఎయిర్ తీస్తే అయిపోతది" అనేయకండి. ఆ గాలి ఎలా వచ్చిందో ముందు తేల్చండి. బిగించి ఉన్న వ్యవస్థలోకి గాలి ఊరికే రాదు. ఎక్కడో కారుతోంది, లేదా ఆయిల్ బొత్తిగా తగ్గిపోయింది, లేదా ఇంతకుముందు ఎవరో పని సగంలో వదిలేశారు. చక్రాల లోపలి వైపు టైరు గోడ మీద తడి గీత ఉందేమో చూడండి. డ్రమ్ము విప్పి, వీల్ సిలిండర్ మీది రబ్బరు బూటును కొద్దిగా ఎత్తి చూడండి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే కిట్ వేయడం కన్నా సిలిండరే మార్చడం మేలు. మాస్టర్ సిలిండర్ వెనక సీలు కారితే ఆయిల్ నేరుగా బూస్టర్‌లోకి పోతుంది, ఒక్క చుక్కా నేలకు రాదు. రెండు నట్లు విప్పి సిలిండర్‌ను ముందుకు లాగి చూస్తేనే తెలుస్తుంది. ఆ కాస్త శ్రమకు బద్ధకిస్తే కారు షెడ్డు నుంచి బాగుపడినట్టు బయటికి వెళ్ళి, వారంలో ఎక్కడో ఒకచోట ఎవరినో గుద్దుతుంది.

ఎయిర్ తీసే పద్ధతిలోనే పాత కార్లను చంపే తప్పు ఒకటుంది. కుర్రాడిని సీట్లో కూర్చోబెట్టి "పూర్తిగా తొక్కు, పట్టుకో" అంటాం. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎన్నడూ వెళ్ళని ఆ గరుకు భాగం మీదికి అప్పుడు వెళ్తుంది, రబ్బరు కప్పు చిరుగుతుంది. నిన్నటి దాకా ఎంతో కొంత పట్టుకున్న బ్రేకు, పని చేయించాక మర్నాడు పూర్తిగా పోతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగం దాకానే తొక్కించండి, లేదా ప్రెషర్ బ్లీడర్ వాడండి. ఎడమ క్యాలిపర్ కుడి వైపూ, కుడిది ఎడమ వైపూ బిగించినా కొన్ని కార్లలో సరిగ్గా కూర్చుంటాయి. గాలి తీసే నిపుల్ మాత్రం కిందికి వస్తుంది. గాలి పైనే చిక్కుకుంటుంది, లీటర్ల కొద్దీ ఆయిల్ పోసినా బయటికి రాదు. క్యాలిపర్ విప్పి వేసిన కారు మీ దగ్గరికి వస్తే నిపుల్ పైన ఉందా కింద ఉందా అన్నది మొదట చూడండి. ఏబీఎస్ ఉన్న కారులో మాడ్యులేటర్‌లో చిక్కిన గాలి చేతితో రాకపోవచ్చు, స్కానర్ పెట్టి దాని మోటారు తిప్పాల్సి ఉంటుంది. స్కానర్ లేకపోతే లేదని చెప్పి, ఉన్నచోటికి పంపండి. అలా చెప్పిన మెకానిక్ మీద నమ్మకం పెరుగుతుందే కానీ తగ్గదు.

లోపం ఏ చక్రం దగ్గర ఉందో తెలియకపోతే ఉపాయం ఉంది. మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్ళే పైపులు విప్పి, ఆ రంధ్రాలకు సరైన మరతో ప్లగ్గులు బిగించి, సిలిండర్‌లో గాలి లేకుండా చూసుకుని పెడల్ తొక్కండి. రాయిలా నిలబడితే మాస్టర్ బాగుంది, తప్పు కింద ఎక్కడో ఉంది. ఆ తర్వాత ఒక్కొక్క లైను కలుపుతూ పోతే దొంగ దొరుకుతాడు. కొత్త హోస్ పైపులైతే క్లాంపుతో ఒక్కొక్కటీ బిగించి చూడొచ్చు, పాత హోసులకు ఆ పని చేయొద్దు, లోపల చిట్లుతాయి. కటింగ్ ప్లయరుతో నొక్కి చూడటం ఏ హోసుకూ తగదు.

ఆయిల్ గురించి యజమానులకు కూడా తెలియాలి. ట్యాంకులో ఆయిల్ తగ్గిందంటే రెండే కారణాలు. ప్యాడ్లు అరిగాయి, లేదా కారుతోంది. కారణం చూడకుండా పై నుంచి పోయడం రోగాన్ని దాచడమే. ఇంజనాయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పొరపాటున బ్రేకు ట్యాంకులో పోస్తే లోపలి రబ్బరంతా ఉబ్బి పాడవుతుంది. అప్పుడు కడిగితే పోదు, రబ్బరు ఉన్న ప్రతి భాగమూ మార్చాలి. నిరుడు సగం వాడి మూత పెట్టిన సీసాను మళ్ళీ వాడొద్దు. సరైన రకం ఎంచుకోవడం కూడా చిన్న విషయం కాదు. 2010 అక్టోబర్‌లో టయోటా లక్షల కార్లనూ, హోండా మరికొన్ని లక్షల కార్లనూ మాస్టర్ సిలిండర్ సీలు కోసమే వెనక్కి పిలిచాయి. కొన్ని రకాల ఆయిల్ పోసినప్పుడు ఆ సీలు ఎండి, ఆయిల్ కారి, పెడల్ మెత్తబడే ప్రమాదం కనిపించింది. మీ కారు మాన్యువల్‌లో ఏది రాస్తే అదే కొనండి, రెండేళ్ళకోసారి మొత్తం మార్పించండి. పాత మోడల్ మాస్టర్ సిలిండర్ హైదరాబాద్ మార్కెట్లో దొరక్కపోతే, దొరికే దాకా కారు ఆగాలి. కొలత దగ్గరగా ఉందని వేరే కారుది బిగించడం వద్దు.

ఇంకొక మోసం చాలామందికి తెలియదు. ఈ నలభై యాభై ఏళ్ళలో వచ్చిన కార్లలో బ్రేకు లైను రెండు భాగాలుగా ఉంటుంది. ఒక భాగం పూర్తిగా పోయినా రెండోది పనిచేస్తుంది. ప్రాణం కాపాడటానికి పెట్టిన ఏర్పాటది. పెడల్ లోతుకు పోయినా చివర్లో ఎంతో కొంత పట్టుకుంటుంటే, మీ కారు ఇప్పుడు ఆ మిగిలిన సగం మీదే నడుస్తుండొచ్చు. దాన్ని "ఇంకా పనిచేస్తోంది" అని చదువుకోకండి. డాష్‌బోర్డు మీది ఎర్ర బ్రేకు లైటు వెలగలేదు కదా అంటారా, పాత కార్లలో ఆ బల్బే కాలిపోయి ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు లాగి తాళం తిప్పినప్పుడు వెలుగుతుందో లేదో చూడండి. 1960ల నాటి కార్లలో చాలావాటికి ఈ రెండో భాగమే లేదు. వాటిలో ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి.

ప్రభుత్వ తనిఖీ మనల్ని కాపాడుతుందన్న భరోసా కూడా లేదు. సొంత కారుకు మొదటి పదిహేనేళ్ళు ఫిట్‌నెస్ పరీక్షే ఉండదు, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. ఏటా పెరిగే తేమకూ తుప్పుకూ అయిదేళ్ళ గడువు చాలా ఎక్కువ. పదేళ్ళు దాటిన ప్రతి కారుకూ ఏటా బ్రేకు పరీక్ష, అదీ యంత్రం మీద, తప్పనిసరి చేయాలని రవాణా శాఖను కోరుతున్నాను. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాటులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బ్రేకులు పట్టలేదన్న అనుమానం అప్పుడు బలంగా వినిపించింది, బస్సులో పరిమితికి మించి జనం ఉన్నారన్నదీ నిజం. బస్సు బ్రేకులు గాలితో పనిచేస్తాయి, కారువి ఆయిల్‌తో. కానీ క్రమంగా తనిఖీ జరగాల్సిన బస్సు మీదే అంత అనుమానం వచ్చినప్పుడు, ఏ తనిఖీ లేని కారును ఎవరు చూడాలి? యజమానే. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కూడా ఆ బాధ్యతను అతని మీదే పెట్టింది. లోపముందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ బండి నడిపితే జరిమానా, దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకూ ఈ మాట చేరాలి. చేతిలో ఉన్న కొద్ది డాలర్లతో పాత మస్టాంగో, మియాటానో కొనేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీని తీసేశారు. అక్కడ కూడా ఇప్పుడు పెడల్ మీద కాలు పెట్టి చూసుకోవాల్సింది కొనేవాడే. కొడుకుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు అన్నం తిన్నావా అని అడిగినట్టే బ్రేకు ఆయిల్ మార్పించావా అని కూడా అడగండి.

శంషాబాద్ విమానాశ్రయం పార్కింగులో కారు పెట్టి రెండు మూడు వారాలు ఊరెళ్ళేవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. తిరిగొచ్చాక అర్ధరాత్రి, నిద్రమత్తులో, సామాను వేసుకుని నేరుగా హైవే ఎక్కకండి. ముందు కారు కింద తడి ఉందేమో ఫోను లైటుతో చూడండి. స్టార్టు చేసి, కదలకముందే పెడల్ గట్టిగా పట్టుకుని చూడండి. పార్కింగులోనే నడక వేగంతో ఒకసారి ఆపి చూడండి. మెత్తగా ఉంటే ట్యాక్సీలో ఇంటికి పోండి. ఆ డబ్బు దండగ కాదు.

నడుస్తుండగానే పెడల్ నేలకు తగిలితే చేయాల్సింది ఇది. వేగంగా పంపు చేస్తూ ఉండండి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, ఒక్కొక్క గేరే తగ్గించండి, ఇంజనే వేగాన్ని తగ్గిస్తుంది. హ్యాండ్‌బ్రేకును ఒక్కసారిగా లాగొద్దు, బటన్ నొక్కి ఉంచి కొంచెం కొంచెంగా లాగుతూ వదులుతూ ఉండండి. తాళం మాత్రం ఆపొద్దు, స్టీరింగ్ బిగుసుకుంటుంది. హజార్డ్ లైట్లు వేసి, హారన్ మోగిస్తూ ఎడమ అంచుకు రండి, ఎత్తున్న వైపు దొరికితే అటు తిప్పండి. ఏదీ కుదరకపోతే మనుషుల మీదికీ బండ్ల మీదికీ పోవడం కన్నా రోడ్డు పక్క పొదలకో, బారికేడ్‌కో కారును రాసుకుంటూ పోనివ్వండి. ఆగాక జాతీయ రహదారి మీద 1033కు, దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి. కారు దిగి బారికేడ్ అవతల నిలబడండి.

చివరగా, పాత కారు అమ్ముతున్న వాళ్ళకు. కొనడానికి వచ్చిన కుర్రాడు ఇంజను శబ్దం వింటాడు, రంగు చూస్తాడు, ఫొటో తీసుకుంటాడు. పెడల్ గురించి అడగడు. అతను అడక్కపోయినా మీరు చెప్పండి. పెడల్ కిందికి పోతోందని, ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదని, హోసులు పాతవని కాగితం మీద రాసి ఇవ్వండి. ధర పాతికవేలు తగ్గితే తగ్గనివ్వండి. తాళం చేతికిచ్చి, అదే రోడ్డు మీద నడుపుకుంటూ ఇంటికి పొమ్మని మాత్రం అనకండి, టోయింగ్ బండి ఎక్కించి పంపండి.